ఆవిరి యంత్రాల అసలు రంగు

గత కాలాన్ని గూర్చి మనకు మిగిలే సాక్ష్యాలలో అన్నింటికన్న ముందుగా నశించేది రంగు. రాయి నిలుస్తుంది, లోహం నిలుస్తుంది, కాగితం మీది అక్షరం సైతం కొంత ఓపికతో నిలుస్తుంది. రంగు మాత్రం ఎండకు వెలసి, వానకు చెదరి, పొగకు మాసి, చివరకు మరొక రంగు క్రింద కప్పబడి పోతుంది. ప్రాచీన గ్రీకు శిల్పాలు స్వచ్ఛమైన తెల్ల పాలరాతివని ఐరోపా పండితులు కొన్ని తరాలపాటు విశ్వసించి, ఆ తెలుపును ఆధారం చేసుకొనియే తమ సౌందర్య సిద్ధాంతాలను నిర్మించుకొన్నారు. ఆ విగ్రహాలకు ఒకప్పుడు ఎరుపు, నీలం, పసుపు పూతలుండేవని ఋజువైన పిమ్మట ఆ సిద్ధాంతాలను తిరిగి పరిశీలించవలసి వచ్చినది. రంగును గూర్చిన పొరపాటు కంటికి సంబంధించిన చిన్న పొరపాటుగా ఆగిపోక, ఒక యుగాన్ని అర్థం చేసుకోవడంలో పొరపాటుగా పరిణమించగలదని ఈ దృష్టాంతం చాటుతున్నది.

రెండు వేల ఏండ్ల నాటి విగ్రహం మాట అటుంచి, నూట ఏబది ఏండ్ల నాటి రైలు ఇంజనుకు ఏ రంగు పూసినారో నిశ్చయించడం కూడ సులభం కాదని తెలిసినవాడు ఆశ్చర్యపడవచ్చును. ఈ ప్రశ్నను పట్టుదలతో అడిగినవారిలో ముందు వరుసన నిలిచినవారు విశ్వవిద్యాలయ చరిత్రకారులు కారు. ఆవిరి ఇంజన్ల చిన్న నమూనాలను స్వహస్తాలతో నిర్మించుకొనే ఔత్సాహికులు. లోకం దీనిని పెద్దవాళ్ళ బొమ్మలాటగా భావించినది. అయినను ఈ ఆటలో చరిత్ర రచనకు సంబంధించిన మౌలిక సమస్యలన్నీ ఒక్కొక్కటిగా ఎదురవుతవి.

ఇంగ్లండులో విశేషంగా ప్రచారంలో ఉన్న నమూనా ప్రమాణం ప్రకారం అసలు ఇంజనులోని ఒక అడుగు నమూనాలో నాలుగు మిల్లీమీటర్లు అవుతుంది. అనగా నమూనా అసలులో 76వ వంతు. అక్కడి రైలుపట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. దానిని ఇదే లెక్కన కుదిస్తే 18.83 మిల్లీమీటర్లు కావలెను. కాని అంగళ్ళలో అమ్మే నమూనాలకు 16.5 మిల్లీమీటర్ల వెడల్పే స్థిరపడినది. ఆ లెక్కన అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఒకటిన్నర అంగుళం మాత్రమే అయి ఉండవలెను. ఈ రెండు మిల్లీమీటర్లకు మించిన కొరతను సహింపజాలక, అమ్మకపు చక్రాలను ఊడదీసి, ఇరుసులను మార్చి, పట్టాలను తామే వేసుకొన్నవారున్నారు. అసలు ఇంజను మీద అర అంగుళం వెడల్పున దిద్దిన అలంకార రేఖ ఈ నమూనా మీద మిల్లీమీటరులో ఆరవ వంతు కావలెను. దానిని సైతం చేతితో గీసినవారున్నారు. కొలతకు లొంగే విషయంలో వారు అంతటి నిష్ఠ చూపగలిగినారు. కాని ఇంజనుకు రంగు పూయవలసి వచ్చినప్పుడు కొలబద్ద వారి చేతిలోనుండి జారిపోయినది. పొడవును అంకెలలో వ్రాసి దాచవచ్చును. వర్ణానికి ఆ కాలంలో పేరు మాత్రమే ఉండినది. ఆ పేరును ఎంతవరకు నమ్మవచ్చునన్నది మొదటి ప్రశ్న.

పేరు ఎంతగా మోసగించగలదో తెలుసుకొనుటకు విలియం స్ట్రౌడ్లీ కథను మించిన ఉదాహరణ లేదు. 1833లో జన్మించిన ఈ యంత్రశిల్పి స్కాట్లండులోని హైలాండ్ రైల్వేలో కొంతకాలం పనిచేసి, 1870లో లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేకు ఇంజన్ల శాఖాధిపతిగా వచ్చినాడు. ఆయన ఇంజన్లు పొందికకు, పొదుపుకు పేరుపడినవి. వాటి అలంకరణలో ఆయన చూపిన శ్రద్ధ అసామాన్యమైనది. ప్రయాణికుల బండ్లు లాగే ఇంజన్ల ఒంటికి ఒక ప్రధాన వర్ణం, దాని అంచున ముదురాకుపచ్చ పట్టీ, ఆ రెంటి నడుమ నలుపు, తెలుపు, ఎరుపు గీతలు, క్రింది చట్రానికి ముదురెరుపు. ఇంజను నడిపేవాని పేరును అతడు నిలిచే గదిలో రంగుతో వ్రాయించే సంప్రదాయాన్ని కూడ ఆయన పాటించినాడు. ఒక డ్రైవరుకు ఒక ఇంజను. దాని మెరుగు అతని మెరుగు. రంగు ఇక్కడ యజమాని దర్పంతోపాటు పనివాని అభిమానాన్ని కూడ ప్రకటించినది.

ఆ ప్రధాన వర్ణానికి ఆ రైల్వేలో నిలిచిన పేరు “మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ”. కాని అది ఆకుపచ్చ కాదు. పసుపుకొమ్ము లోపలి ఛాయకు, బంగారు ఛాయగల మట్టికి దగ్గరగా ఉండే పసుపు అది. సరుకుల బండ్ల ఇంజన్లకు ఆయన పూయించినది నిజమైన ముదురాకుపచ్చ. ఒకే కార్ఖానాలో, ఒకే అధికారి ఆజ్ఞ మేరకు, పసుపును ఆకుపచ్చ అని పిలుస్తూ, ఆకుపచ్చను కూడ ఆకుపచ్చ అనియే పిలిచినారు.

ఈ వింతకు పలువురు పలు విధాల కారణాలు చెప్పినారు. స్ట్రౌడ్లీకి వర్ణాంధత్వం ఉండినదనీ, పసుపుకు ఆకుపచ్చకు భేదం ఆయన కంటికి తెలియదనీ ఒక వాదం. అంత సున్నితంగా గీతలను, పట్టీలను కూర్చినవానికి ఆ దోషాన్ని ఆపాదించడం కష్టమని దానికి సమాధానం. ఆ రైల్వే ఇంజన్లకు మునుపు ఆకుపచ్చయే ఉండినది కనుక, కొత్త రంగును పాత రంగుకే మెరుగుదలగా కాగితం మీద చూపితే డైరెక్టర్ల సభ అభ్యంతరం చెప్పదని యుక్తిగా అట్లు పేరు పెట్టినాడని మరొక వాదం. కచేరీల నడవడి తెలిసినవారికి ఈ రెండవ వాదం అసంభవంగా తోచదు. ఇవి రెండును ఊహలే. మనకు నిశ్చయంగా తెలిసినది ఒక్కటే: కాగితం మీది మాటను మాత్రమే నమ్మి ఒక నమూనాకారుడు తన చిన్న ఇంజనుకు చిగురాకుపచ్చ పూసినచో, పత్రం దృష్ట్యా అతడు నిర్దోషి, చరిత్ర దృష్ట్యా పూర్తిగా పొరపడినవాడు.

ఈ కథ విని నవ్వుకొనే తెలుగు చదువరి తన భాషను ఒకసారి తలచుకొనడం మంచిది. “పచ్చ” అన్న మాట మనకు ఏ రంగును చెప్పుతున్నది? పచ్చని పైరు అన్నప్పుడు ఒక రంగు. పచ్చని మేనిఛాయ అన్నప్పుడు వేరొక రంగు. పచ్చకామెర్లు సోకినవాని కన్ను ఆకువలె ఉండదు. అందువల్లనే స్పష్టత కావలసినప్పుడు ఆకుపచ్చ అనీ, పసుపుపచ్చ అనీ విశేషణం చేర్చి చెప్పుకొంటాము. సంస్కృతంలో “హరి” శబ్దానికి కూడ పసుపు, కపిలం, ఆకుపచ్చ అన్న అర్థాలు కలవు. ఆ కుదుటనుండియే హరితం వచ్చినది, హరిద్ర వచ్చినది, చిత్రకారులు వాడే పసుపు వర్ణద్రవ్యమైన హరితాళమూ వచ్చినది. హిందీలో ఆకుపచ్చను తెలిపే “హరా”, పసుపును తెలిపే “హల్దీ” ఒక తల్లి బిడ్డలే. నేటి తెలుగు గ్రంథంలో “పచ్చ రంగు పూసిన బండి” అన్న వాక్యం ఒకటి నూరేండ్లు నిలిచి, బండి నిలువకపోయినచో, రాబోయే పరిశోధకుడు స్ట్రౌడ్లీ పాఠకుడు పడిన చిక్కులోనే పడగలడు. రంగుల పేర్లు వస్తువులకు అతికించిన చీటీల వంటివి కావు. అవి ఆయా కాలాల వాడుకకు, కంటి అలవాటుకు, కచేరీ అవసరానికి లోబడి తిరుగుతూ ఉంటవి.

పేరు నమ్మదగినది కానప్పుడు చూపవలసిన రెండవ సాక్షి ఫోటో. యంత్రం మనుష్యునివలె పక్షపాతం చూపదని సామాన్యంగా నమ్ముతాము. కాని 19వ శతాబ్దపు ఫోటో పలక తనదైన పక్షపాతం కలది. దానికి నీలం, ఊదా కాంతులు మాత్రమే బలంగా సోకేవి. పసుపు, ఎరుపు కాంతులు దాదాపు సోకేవి కావు. అందుచేత నీలి ఆకాశం తెల్లగా, ఎర్రని గుడ్డ నల్లగా పడేవి. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ అను శాస్త్రజ్ఞుడు పలక మీది లేపనంలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఇతర కాంతులకు కూడ స్పందించునని కనుగొన్నాడు. అయినను అన్ని వర్ణాలనూ గుర్తించగల పలకలు ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినది 1906లో. స్ట్రౌడ్లీ పసుపు ఇంజన్లు 1870, 1880 దశకాల ఫోటోలలో చామనఛాయగా, కొన్నిట నల్లగా కనబడుటకు ఇదియే కారణం. స్కాట్లండులోని కాలెడోనియన్ రైల్వే నీలపు ఇంజన్లు అదే రకం పలకల మీద అసలుకన్న వెలవెలబోయి కనబడుతవి. ఫోటో చూచి ఈ రెండింటిలో ఏది లేతదో చెప్పబోయినవాడు సత్యాన్ని తలక్రిందులు చేస్తాడు.

ఇంతకన్న విచిత్రమైన చిక్కు మరొకటి ఉన్నది. కొత్త ఇంజను తయారైనప్పుడు కర్మాగారంవారు దాని అధికార చిత్రాన్ని తీయించేవారు. అసలు రంగులో ఇంజను వివరాలు పలక మీద స్పష్టంగా రావు కనుక, ఫోటో కొరకే మెరుపు లేని బూడిద రంగును పూసి, గీతలు దిద్ది, చిత్రం తీసిన పిమ్మట దానిని మార్చి అసలు రంగు పూసేవారు. కాబట్టి ఒక ఇంజను జీవితంలోకెల్ల అత్యంత స్పష్టమైన చిత్రం, ఆ ఇంజను ఏనాడూ ఆ రూపంలో పట్టాల మీద తిరుగని చిత్రం కావచ్చును. ఆ రోజులలో అమ్మిన రంగుల పోస్టుకార్డులు కూడ ఇందుకు పరిష్కారం కాలేదు. “ఎఫ్. మూర్” అను మారుపేరుతో వెలువడిన ప్రసిద్ధ ఇంజన్ల చిత్రాలు ఛాయాచిత్రాల మీద చేతితో రంగు వేసినవి. వాటిలో చిత్రకారుని నైపుణ్యం కనబడుతుంది; ముద్రణాలయపు సిరా కనబడుతుంది; ఇంజను రంగు ఆ రెండింటినీ దాటి కొంతమేరకే కనబడుతుంది.

మూడవ సాక్షి జ్ఞాపకం. బ్రైటన్ రైల్వేలో స్ట్రౌడ్లీ పసుపును, 1905లో అధికారానికి వచ్చిన డి. ఇ. మార్ష్ తొలగించి, దాని స్థానంలో ముదురు గోధుమరంగును ప్రవేశపెట్టినాడు. స్ట్రౌడ్లీ 1882లో నిర్మించిన “గ్లాడ్‌స్టన్” అను ఇంజనును 1927లో స్టీఫెన్సన్ లోకోమోటివ్ సొసైటీ కొని కాపాడినది. ప్రభుత్వంగాని రైల్వేగాని కాక ఒక ప్రజాసంఘం ఇంజనును కొని భద్రపరచడానికి అదియే నాంది. దానికి తిరిగి పాత పసుపు పూసినారు. పసుపు పోయి అప్పటికి ఇరువది రెండేండ్లే అయినందున, ఆ రంగు కలిపిన చేతులు, చూచిన కన్నులు ఇంకను ఉండినవి. నేడు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఆ ఇంజనును చూచేవారికి కనబడే పసుపు ఈ జ్ఞాపకపరంపరకు ఋణపడి ఉన్నది. కాని జ్ఞాపకానికి ఒక స్వభావం ఉన్నది. ప్రీతిపాత్రమైన రంగును మనస్సు అసలుకన్న ఎక్కువ మెరుపుతో దాచుకొంటుంది. బాల్యంలో చూచిన ఇంజను ఎరుపు వృద్ధాప్యంలో మరింత ఎర్రనై జ్ఞాపకం వస్తుంది. ఇద్దరు వృద్ధులు ఒకే ఇంజనును గూర్చి నిజాయితీగా విభేదించినప్పుడు ఎవరినీ అబద్ధీకుడని అనలేము.

కనుక పరిశోధకులు నాల్గవ సాక్షిని, అనగా రంగునే ఆశ్రయించినారు. పాత ఇంజను మీద పూతలు ఒకదానిపై ఒకటిగా చెట్టు బోదెలోని వలయాలవలె నిలిచి ఉంటవి. గోరంత పెచ్చును తీసి, గట్టిపడే జిగురులో పొదిగి, అడ్డంగా కోసి నునుపుచేసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు అడుగున ఎర్రమట్టి పూత, దానిపై గుంటలు నింపిన లేపనం, ఆపై వర్ణపు పూతలు, అన్నింటిపై వార్నిషు వరుసగా కనబడుతవి. వాన, ఎండ సోకని చోట్లు, ముఖ్యంగా పేరు పలకల వెనుక భాగాలు, ఈ పరిశోధనకు నిధులవంటివి.

అయితే ఈ సాక్షి వాఙ్మూలాన్ని కూడ విచారించక గ్రహింపరాదు. ఏలయన రంగు తాను నిలిచినను తన గుణాన్ని నిలుపుకోదు. ఆ కాలపు రంగులకు బంధకం అవిసె నూనె. అది ఏండ్లు గడిచినకొద్దీ పసుపెక్కుతుంది. పైన పూసిన వార్నిషు మరింత పసుపెక్కుతుంది. నీలపు ఇంజను వార్నిషు క్రింద ఆకుపచ్చకు తిరుగుతుంది. తెల్లగీతలకు వాడిన సీసపు సఫేదా, బొగ్గు పొగలోని గంధక వాయువు సోకి నల్లబడుతుంది. బ్రిటిషు రైల్వేలు వాడిన ఆకుపచ్చలలో అనేకం ప్రష్యను నీలాన్ని, క్రోము పసుపును కలిపి చేసినవి. ఆ రెంటిలో ఏది ముందు చెడితే రంగు ఆ రెండవదాని వైపు మొగ్గుతుంది. ప్రష్యను నీలం ఒంటరిగా ఉన్నంతవరకు గట్టిదే కాని, దానిలో తెలుపు విస్తారంగా కలిపినచో వెలుగుకు తట్టుకోజాలదు. కాలెడోనియన్ రైల్వే నీలం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉండినదని చెప్పుకోవడానికి, ఖర్చు తగ్గించుటకై పనివారు నీలంలో తెలుపు కలుపుతూ వచ్చినారన్నది ప్రచారంలో ఉన్న వివరణ. అట్లయినచో ఆ రైల్వేకు ఉన్నది ఒక నీలం కాదు, ఒక నీలాల కుటుంబం.

మిడ్‌లండ్ రైల్వే 1883లో స్వీకరించిన ప్రసిద్ధమైన ముదురెరుపు మరొక పాఠం నేర్పుతుంది. దాని లోతు ఒక పూత వలన వచ్చినది కాదు. అడుగున ఇనుప మట్టితో చేసిన కావి, దానిపై పారదర్శకమైన లక్కఛాయ ఎరుపు, ఆపై వార్నిషు. కాంతి ఈ పొరల గుండా లోనికి పోయి తిరిగి వచ్చునప్పుడే ఆ వర్ణం పుట్టేది. అందులోనుండి పై పొరను విడదీసి పరీక్షించి, అటువంటి ఎరుపును నేటి డబ్బాలో కలిపి ఒక్క పూతగా వేసినచో, ద్రవ్యం సరియే అయినను దృశ్యం సరికాదు. వంటకంలోని దినుసుల పట్టిక వంటకం రుచికి ప్రమాణం కానట్లే ఇదియును.

ఈ సాక్షుల వాఙ్మూలాలను కలిపి చూచుటకు శ్రమించిన గ్రంథాలు, సంఘాలు లేకపోలేదు. 1950లో బ్రిటనులో హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ ఏర్పడి, పాత రైల్వేల చిత్రపటాలను, రంగుల వివరాలను సేకరించి ప్రచురించుటకు పూనుకొన్నది. 1952లో ఎర్నెస్ట్ కార్టర్ బ్రిటిషు రైల్వేల వర్ణాలను 1825 మొదలు 1948 వరకు ఒకే గ్రంథంలో క్రోడీకరించినాడు. రంగులకు సంఖ్యలిచ్చి, చిన్న పలకలతో ముద్రించే జాతీయ ప్రమాణాలు కూడ 1930 ప్రాంతంనుండి వాడుకలోకి వచ్చినవి. అప్పటినుండి “ముదురాకుపచ్చ” అన్నవాడు సంఖ్య చెప్పవలసిన బాధ్యత ఏర్పడినది. వర్ణచరిత్రలో ఇది నాణేలు వచ్చిన తరువాతి వర్తకం వంటి మార్పు.

రంగు దొరికినదనుకొందాము. దానిని యథాతథంగా నమూనాకు పూయవచ్చునా? అర మీటరు దూరాన ఉంచిన నమూనాను చూచుట, అసలు ఇంజనును 38 మీటర్ల దూరంనుండి చూచుటతో సమానం. అంత దూరాన నిలిచిన యంత్రానికి మన కంటికి నడుమ గాలి, ధూళి, ఆవిరి ఉంటవి. దాని వంపుల మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది. కనుక అది దగ్గరిదానికన్న కొంత లేతగా కనబడుతుంది. నమూనా చిన్నది, గదిలోనిది. అసలు డబ్బాలోని రంగునే పూసినచో అది ముదురుగా తోస్తుంది. అందుచేత కొందరు నమూనాకారులు రంగులో కొంచెం తెలుపు కలుపుతారు. చరిత్రను దిద్దే అధికారం తమకు లేదని మరికొందరు యథాతథంగానే పూస్తారు. మొదటివారు కంటికి కనిపించినదానిని కాపాడుతున్నారు. రెండవవారు డబ్బాలో ఉండినదానిని కాపాడుతున్నారు. అనువాద కళలో మూలపదానికి కట్టుబడేవారికి, మూలభావానికి కట్టుబడేవారికి జరిగే పురాతన వివాదమే ఇక్కడ కుంచె పట్టుకొని నిలిచినది. ఇంతలో వెలుగు కూడ తన వాదం వినిపిస్తుంది. పగటి వెలుగులో ఒకటిగా కనిపించే రెండు రంగులు, వాటిలోని ద్రవ్యాలు వేరైనప్పుడు, విద్యుద్దీపం క్రింద వేరువేరుగా కనబడగలవు.

దీనికితోడు కాలం ప్రశ్న ఉన్నది. ఇంజను అసలు రంగు ఏది అన్నప్పుడు ఏ నాటిది అని అడుగవలెను. 1923లో డాన్‌కాస్టర్‌లో పుట్టిన “ఫ్లయింగ్ స్కాట్స్‌మన్” ఆపిలుపండు ఆకుపచ్చతో పేరు తెచ్చుకొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నలుపు ధరించినది. జాతీయం అయిన తరువాత ముదురాకుపచ్చకు వచ్చినది. దీర్ఘమైన మరమ్మతు అనంతరం 2016లో అది తిరిగి పట్టాలెక్కినప్పుడు ఆ ముదురాకుపచ్చయే పూసినారు. ఆపిలు ఆకుపచ్చను ప్రేమించినవారు నొచ్చుకొన్నారు. కాని ఆనాటి ఇంజను బాయిలరు, పొగపెట్టెకు ఇరువైపులా నిలిచిన రేకులు దాని జీవితపు చివరి దశకు చెందినవి. వాటికి 1923 నాటి రంగు పూయడం వృద్ధునికి పెండ్లికొడుకు వేషం వేయడమే అగునని మరమ్మతుదారుల పక్షాన చెప్పవచ్చును. ప్రజల ప్రేమ ఒక రంగును ఎన్నుకొంటుంది. యంత్రశరీరం వేరొక రంగును కోరుతుంది. నమూనాకారుడు ఈ చిక్కును వేరొక విధంగా విప్పుకొన్నాడు. అతడు ముందుగా ఒక సంవత్సరాన్ని, కొందరైతే ఒక మాసాన్ని నిర్ణయించుకొని, ఆనాటి రంగును, ఆనాటి మసిని కూడ పూస్తాడు. నిత్యం తుడిచి మెరిపించిన 1880ల ఇంజనుకు, యుద్ధకాలంలో తుడిచేవారు లేక మసిబారిన ఇంజనుకు నడుమ ఒక దేశపు ఆర్థిక చరిత్ర ఉన్నదని అతనికి తెలియును.

ఈ ప్రశ్నలు భారతదేశానికి దూరమైనవి కావు. ఇక్కడి తొలి ఇంజన్లలో అనేకం ఇంగ్లండు కర్మాగారాలలో తయారై, ఓడలలో వచ్చినవి. బ్రిటిషు ఇంజన్ల వర్ణాలలో ఒకదానికి భారతదేశం పేరే ఉన్నది: “ఇండియన్ రెడ్”. మన కావిరాతి జాతికి చెందిన ఈ ఇనుప ఎరుపును గ్రేట్ వెస్టర్న్ రైల్వే 19వ శతాబ్దపు చివరి కాలంలో ఇంజన్ల చట్రాలకు పూసేది. 1853 ఏప్రిల్ 16న బొంబాయినుండి ఠాణా వరకు నడిచిన తొలి ప్రయాణికుల బండిని లాగినవిగా చెప్పే మూడు ఇంజన్ల పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్ అని బాలురు సైతం ఏకరువు పెట్టగలరు. వాటి రంగు ఏదని అడిగేవారు అరుదు. 1855లో లీడ్స్‌లో నిర్మించబడి ఈస్టిండియన్ రైల్వేకు వచ్చిన “ఫెయిరీ క్వీన్” 1909 వరకు పనిచేసి, కొన్ని దశాబ్దాలు హౌరా స్టేషను బయట ప్రదర్శనలో నిలిచి, అటుపిమ్మట చందౌసీలోని రైల్వే శిక్షణ పాఠశాలకు, అక్కడినుండి ఢిల్లీలోని జాతీయ రైల్ మ్యూజియానికి చేరినది. 1997లో అది మరల ప్రయాణికులను లాగినది. ఇన్ని చోట్ల, ఇన్ని చేతుల మీదుగా గడిచిన ఇంజను ఒంటి మీది నేటి ఆకుపచ్చను చూచి 1855 నాటి కలకత్తావాసి చూచినది ఇదియేనని చెప్పడం సాహసం. అది మన కాలం ఆ పాత యంత్రానికి సమర్పించిన గౌరవవస్త్రం.

1951, 1952 సంవత్సరాలలో పాత కంపెనీల రైల్వేలను, సంస్థానాల రైల్వేలను కలిపి మండలాలుగా ఏర్పరచినప్పుడు ఆ కంపెనీల వర్ణాలు క్రమంగా తొలగిపోయినవి. 1947లో అమెరికానుండి వచ్చిన నమూనాల ఆధారంగా విస్తరించిన డబ్ల్యు.పి. తరగతి ఇంజన్లకు గుండ్రని ముక్కు, దాని మీద నక్షత్రం అందరికీ గుర్తున్నవి. అటువంటి ఇంజన్లను షెడ్డుకొక తీరున అలంకరించినారు. 1970లో చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు “అంతిమ్ సితారా” అని పేరు పెట్టినారు. 1995 నాటికి బ్రాడ్‌గేజి మీద నిత్య సర్వీసులో ఆవిరి ముగిసినది. బెజవాడ, కాజీపేట వంటి షెడ్లలో ఇంజన్లను నూనెగుడ్డతో తుడిచి, గీతలు దిద్ది, నక్షత్రానికి రంగు వేసిన పనివారిలో నేడు మిగిలియున్నవారు వృద్ధులు. గ్లాడ్‌స్టన్ ఇంజనుకు 1927లో దొరికిన అదృష్టం, అనగా రంగు కలిపిన చేయి ఇంకను బ్రతికియుండడం, ఇక్కడ ఎంతోకాలం నిలువదు. తోటలలోను, స్టేషను వాకిళ్ళలోను అలంకారంగా నిలిపిన పాత ఇంజన్లకు ఉత్సవానికొకమారు పాత పూతను గీకివేసి కొత్త రంగు వేయడం భక్తితో చేసే పనియే. అయినను గీకివేసిన ప్రతి పెచ్చుతో ఒక పత్రం తగులబడుతున్నది. కొత్త రంగు పూయుటకు ముందు మరుగుచోటున అరచేతి మేర పాత పూతలను ముట్టకుండ విడిచిపెట్టడానికి పెద్ద ధనం అక్కరలేదు. ఆ పని విలువ తెలిసియుండడమే కావలెను.

ఇంతటి శ్రమ ఒక బొమ్మ ఇంజను కొరకా అని అడిగేవారుంటారు. స్ట్రౌడ్లీ 1889లో పారిస్ ప్రదర్శనకు తన పసుపు ఇంజనును తీసుకొనిపోయి, అక్కడనే మరణించినాడు. ఆయన పూయించిన రంగు ఎందుకు అట్టిదో ఒక మాటలో చెప్పకయే పోయినాడు. ఆ పసుపును తిరిగి పట్టుకొనుటకు పాత చిట్టాలను చదివి, పెచ్చులను కోసి, వృద్ధులను ప్రశ్నించి, మిల్లీమీటరులో ఆరవ వంతు గీతను దిద్దిన ఔత్సాహికుడు చివరకు సాధించినది నిస్సందేహమైన సత్యమని అనలేము. అతని డబ్బాలోని పసుపు ఇంకను ఒక అభిప్రాయమే. కాని అది సాక్ష్యాలను ఒకటొకటిగా విచారించి, ప్రతి సాక్షి ఎక్కడ తడబడునో తెలిసికొని ఏర్పరచుకొన్న అభిప్రాయం. రేపు ఒక పేరు పలక వెనుక మరొక పెచ్చు దొరికినచో దానిని మార్చుకొనుటకు అతడు వెనుదీయడు. కుంచెను కడిగి మరల మొదలుపెట్టుటకు సిద్ధపడిన వాని చేతిలో గతం భద్రంగా ఉన్నదని చెప్పవచ్చును.